పాత 4రన్నర్ ముందు చక్రాల కింది బాల్ జాయింట్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు. 2001 టొయోటా 4రన్నర్, ఫోర్ వీల్ డ్రైవ్, 2,10,000 మైళ్ళు తిరిగిన బండి. స్టీరింగ్ బాగా తిప్పి పార్కింగ్‌లోంచి బయటికి తీస్తుంటే ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమంటోంది. షాపుకి తీసుకెళ్తే కింది బాల్ జాయింట్లు రెండూ పోయాయన్నారు, చెప్పిన రేటు విని మీకు గుండె ఆగినంత పనైంది. ఇంట్లో మార్చుకోవచ్చా, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే జత కొనచ్చా, వచ్చే నెల జీతం పడేదాకా ఇలాగే నడపచ్చా అని మూడు ప్రశ్నలు.

చివరి ప్రశ్నకే ముందు జవాబు. నడపకండి. ఆఫీసుకీ వద్దు, పిల్లల్ని స్కూల్లో దింపడానికీ వద్దు, పక్క సందులో ఉన్న గ్రోసరీ షాపుకీ వద్దు. మిగతా రెండు ప్రశ్నలకు ఇష్టాన్ని బట్టి, ఓపికను బట్టి రకరకాల జవాబులుంటాయి. దీనికి మాత్రం ఒకటే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే ఈ బండిలో కింది బాల్ జాయింట్ ఏం చేస్తుందో చూడాలి. బాల్ జాయింట్ అంటే గిన్నెలో గుండు తిరిగే కీలు, ఆ గుండుకున్న కాడని స్టడ్ అంటారు. మన ఊళ్ళో మారుతి 800 దగ్గర్నుంచి స్విఫ్ట్ దాకా చిన్న కార్లలో ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే నిలువు స్తంభంలా ఉండేది. అందులో బండి బరువు పైనుంచి స్ట్రట్ మీదుగా చక్రానికి దిగుతుంది. కింది బాల్ జాయింట్‌కు బరువు మోసే పని లేదు, చక్రం అటూ ఇటూ పోకుండా పట్టుకుంటే చాలు. 4రన్నర్ అలా కాదు. చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే ఇనుప చేతులు రెండు, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. స్ప్రింగ్ వచ్చి కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. అంటే ముందు వైపు బరువంతా స్ప్రింగ్ లోంచి కింది ఆర్మ్‌కి, ఆర్మ్ నుంచి బాల్ జాయింట్‌కి, అక్కణ్ణుంచి చక్రానికి వెళ్తుంది.

ఇంతవరకు ఫర్వాలేదు, బరువు మోసే బాల్ జాయింట్లు చాలా బళ్ళలో ఉన్నాయి. అసలు చిక్కు అది మోసే తీరులో ఉంది. 1996 నుంచి 2002 దాకా వచ్చిన 4రన్నర్‌లో జాయింట్ గిన్నె పైన నకుల్‌కి, అంటే చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప దిమ్మకి, బిగించి ఉంటుంది, స్టడ్ కిందికి దిగి ఆర్మ్‌లోంచి దూరుతుంది, నట్టు ఆర్మ్ అడుగున ఉంటుంది. బండి బరువు ఆర్మ్‌ని కిందికి తోస్తుంటే ఆ ఆర్మ్ స్టడ్‌ని పట్టుకుని గిన్నెలోంచి కిందికి లాగుతూ ఉంటుంది. ఉట్టికి వేలాడే కుండను ఊహించుకోండి. కుండని గట్టు మీద పెడితే గట్టు కాస్త అరిగినా కుండ గట్టు మీదే ఉంటుంది. ఉట్టి తాడు అరిగితే మాత్రం ఒక్కసారే తెగుతుంది. బరువు నొక్కే రకం జాయింట్ అరిగితే గుండు గిన్నెలోకే ఇంకా దిగుతుంది, లొడలొడలాడుతూ చాలాకాలం గోల చేస్తుంది. వేలాడే రకం అరిగితే గుండు గిన్నె మూతి వైపు జరుగుతూ వచ్చి ఒకనాడు ఊడి బయటపడుతుంది. అప్పుడు చక్రం పైభాగం లోపలికి, కింది భాగం బయటికి పడిపోయి బండి ఆ మూల మీద కూలబడుతుంది. ఫెండర్ నలుగుతుంది, బ్రేక్ హోస్ తెగచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి యాక్సిల్ కూడా లోపల్నుంచి ఊడిరావచ్చు. చాలామందికి ఇది పార్కింగ్‌లో నెమ్మదిగా మలుపు తిప్పుతున్నప్పుడు జరిగి బతికిపోయారు. 70 మైళ్ళ వేగంలో జరగదని మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

2005లో టొయోటా అమెరికాలో ఈ జాయింట్ల కోసమే టకోమా, 4రన్నర్, టండ్రా, సెక్వోయా అన్నీ కలిపి ఏడు లక్షలకు పైగా బళ్ళను రీకాల్ చేసింది. తయారీలో గుండు ఉపరితలం మీద గీతలు పడి తొందరగా అరిగిపోవడం కారణం. 4రన్నర్‌లలో 2001, 2002 మోడళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి పనిముట్లు ముట్టుకోకముందే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో మీ బండి 17 అక్షరాల విన్ (గుర్తింపు నంబరు) కొట్టి చూడండి, ఒకసారి డీలర్‌కి కూడా ఫోన్ చేసి పాత రీకాల్ పనులు జరిగాయో లేదో అడగండి. అప్పట్లో మార్చారని తేలినా సంబరపడకండి. అప్పుడు వేసిన జాయింట్ కూడా ఈపాటికి ఇరవై ఏళ్ళదైంది.

ఇక షాపువాడి మాట నమ్మాలా వద్దా. నమ్మచ్చు, కానీ మీ కళ్ళతో చూస్తే మనసు కుదుటపడుతుంది. చాలామంది చేసేదేమిటంటే బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తారు. చక్రం ఊగితే బాల్ జాయింట్ పోయిందంటారు, ఊగకపోతే బాగుందంటారు. రెండూ తొందరపాటే. ఊగడానికి కారణం వీల్ బేరింగ్ కావచ్చు. ఇంట్లో ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచమని మళ్ళీ ఊపండి. ఊగడం పోయిందంటే అది బేరింగ్, ఇంకా ఊగుతుంటే జాయింట్ల సంగతి చూడాలి. అలాగే చక్రం పూర్తిగా గాల్లో వేలాడుతున్నప్పుడు, లేదా పూర్తి బరువు మీద ఉన్నప్పుడు జాయింట్ ఏదో ఒక వైపుకి బిగిసి ఉండి, లూజు ఉన్నా కనబడదు. టైరు కింద ఏడెనిమిది అంగుళాల చెక్క దిమ్మ పెట్టి, స్ప్రింగ్ మీద సగం బరువు పడేదాకా జాకీని మెల్లగా దించండి. వెనక చక్రాలకు అడ్డు పెట్టడం మరవద్దు. తర్వాత పొడవాటి ప్రై బార్‌తో కింది ఆర్మ్‌ని పైకీ కిందికీ కదిపి, ఆర్మ్‌కీ జాయింట్‌కీ మధ్య సందుని చూడండి. టార్చి వేసి చూస్తే అక్కడ మిల్లీమీటరులో సగం కదిలినా కంటికి తెలుస్తుంది. కంటికి తెలిసేంత కదలిక ఉంటే ఇంక ఆలోచన అక్కర్లేదు. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి వచ్చి ఉన్నా అంతే, లోపల మట్టీ నీళ్ళూ చేరి పని మొదలైపోయినట్టే.

కదలిక ఏమీ కనబడలేదనుకోండి, అయినా ఆ మైళ్ళకు నేనైతే మారుస్తాను. ఈ జాయింట్‌ని నేను టైమింగ్ బెల్టు లాగా చూస్తాను. పాడయ్యాక మార్చే వస్తువు కాదు, పాడవకముందే మార్చే వస్తువు.

రెండో ప్రశ్న, చవక జత. ఇక్కడ నా బుద్ధి తక్కువ పని ఒకటి చెప్పాలి. నాకు ఇదే తరం 4రన్నర్ పదకొండేళ్ళు ఉంది. మొదటిసారి మార్చినప్పుడు ఆన్‌లైన్‌లో ఒక జత దొరికింది, ఒరిజినల్ ఒక్కదాని ధరలో సగానికే రెండూ వచ్చాయి. జీవితకాలం గ్యారంటీ అని పెట్టె మీద పెద్ద అక్షరాలు. పద్నాలుగు నెలలకు ఆయిల్ మార్చడానికి కింద దూరితే కుడివైపు బూటు చిరిగి ఉంది, బార్ పెట్టి కదిపితే లూజు. గ్యారంటీ నిజమే, ఇంకో జత ఉచితంగా పంపారు. ఉచితంగా వచ్చిన ఆ జత ఇప్పటికీ గరాజ్‌లో అటక మీద పెట్టెలోనే ఉంది. జీవితకాలం అని వాళ్ళు రాసింది ఎవరి జీవితమో రాయలేదు కదా అని మా ఆవిడ అన్నది.

ఈ ఒక్క పార్ట్‌కి టొయోటా ఒరిజినలే కొనండి. ఒక్కోటి వంద డాలర్ల పైమాటే, కానీ డీలర్ కౌంటర్ రేటు కంటే డీలర్లే నడిపే ఆన్‌లైన్ పార్ట్స్ సైట్లలో బాగా తగ్గుతుంది. జపాన్‌లో తయారయ్యే 555 బ్రాండ్‌వి కూడా ఈ బళ్ళ వాళ్ళు నమ్మకంగా వాడతారు. వీటిని దాటి కిందికి దిగకండి. షాక్ అబ్జార్బర్లలో, బ్రేక్ ప్యాడ్లలో పొదుపు చేయండి, నేనూ చేస్తాను. ఎడమదీ కుడిదీ వేర్వేరు అని గుర్తుంచుకోండి, ఎందుకంటే ఈ బండిలో స్టీరింగ్ ఆర్మ్ కూడా బాల్ జాయింట్‌తో కలిసే పోతపోసి ఉంటుంది, స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, టై రాడ్, వచ్చి దానికే తగులుకుంటుంది. జాయింట్లతో పాటు వాటిని నకుల్‌కి బిగించే బోల్టులు, ఒక్కో వైపు నాలుగు చొప్పున ఎనిమిది, కాజిల్ నట్లు (పిన్ను దూరడానికి గాళ్ళున్న నట్లు), స్ప్లిట్ పిన్నులు కొత్తవి కొనండి. పిన్ను అంటే ఇక్కడ కాటర్ పిన్ అని అడగాలి, స్ప్లిట్ పిన్ అంటే కౌంటర్‌లో కుర్రాడు బిక్కమొహం వేస్తాడు. బరువు వేలాడేది ఆ నాలుగు బోల్టుల మీదే. పాతవాటిని మళ్ళీ వాడి మిగుల్చుకునే డబ్బుతో రెండు బిర్యానీలు కూడా రావు.

ఇక మొదటి ప్రశ్న. ఇంట్లో చేసుకోవచ్చా? ఈ బండిలో చేసుకోవచ్చు. చాలా బళ్ళలో బాల్ జాయింట్‌ని ప్రెస్సుతో ఆర్మ్‌లోకో నకుల్‌లోకో దిగ్గొట్టి ఉంటారు, తీయాలంటే పెద్ద సి-క్లాంప్ లాంటి ప్రెస్సూ, కండబలం, పక్కింటివాళ్ళ సహనం అన్నీ కావాలి. ఇందులో కిందివి నాలుగు బోల్టులతో వస్తాయి. పై బాల్ జాయింట్లు మాత్రం నకుల్‌లోకి ప్రెస్ చేసినవే. వాటి మీద బరువు తక్కువ, అరుగుదలా తక్కువ. లూజు లేకపోతే వాటి జోలికి వెళ్ళకండి. మీరు ఇంతకుముందు స్వయంగా బ్రేక్ ప్యాడ్లు మార్చి ఉంటే ఇది మీ చేతిలో పనే. ఎప్పుడూ చక్రం కూడా విప్పలేదంటే మొదటి వైపు పక్కన తెలిసినవాళ్ళు ఉండగా చేయండి. రెండు వైపులకూ కలిపి మొదటిసారి ఒక పూర్తి శనివారం అనుకోండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అయితే లీజు కాగితం ఒకసారి చదువుకోండి, చాలాచోట్ల బండి రిపేరు చేయనివ్వరు. సొంత ఇల్లయినా కొన్ని హెచ్‌ఓఏలు (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘాలు) గరాజ్ తలుపు మూసుకుని చేసుకోమంటాయి.

పనిముట్లన్నీ కొననక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పనయ్యాక ఇచ్చేస్తే డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. టై రాడ్ పుల్లర్, బాల్ జాయింట్ సెపరేటర్, టార్క్ రెంచి ఇలా తెచ్చుకోవచ్చు. రెండు మంచి జాకీ స్టాండ్లు, రెండు సుత్తులు, పొడవాటి బ్రేకర్ బార్ మీవే ఉండాలి. స్టాండ్ల విషయంలో ఒక్క మాట. పళ్ళలో పడ్డట్టు కనిపించి జారిపోయే స్టాండ్లను 2020లో ఇక్కడ లక్షల్లో వెనక్కి తీసుకున్నారు. మీవి పాతవైతే మోడల్ నంబరు చూసుకోండి. స్టాండ్ మీద దించాక బండిని పక్క నుంచి గట్టిగా తోసి చూడండి. పడేదైతే మీరు కింద దూరకముందే పడాలి. విప్పిన చక్రాన్ని కూడా ఫ్రేమ్ కింద పడుకోబెట్టి ఉంచండి, రెండో కాపలా లాగా.

ముందురోజు రాత్రే నట్లకు, బోల్టులకు పీబీ బ్లాస్టర్ లాంటి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పొద్దున్న వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వీల్ నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, ముందు రెండు చక్రాలూ లేపి ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టండి. ఒక్క వైపే లేపితే రెండు వైపుల ఆర్మ్‌లనూ కలిపే కడ్డీ, స్వే బార్, మెలిపడి కింది ఆర్మ్‌ని ఒత్తుతూ ఉంటుంది, పని దుర్భరం అవుతుంది. స్ప్రింగ్ ఎగిరి మీద పడుతుందేమోనని భయపడకండి. ఈ బండిలో స్ప్రింగ్ షాక్ అబ్జార్బర్ మీదే కూర్చుని దాని నట్టుతో బంధించి ఉంటుంది, ఆర్మ్ కూడా షాక్ పొడవు దాటి కిందికి దిగదు. షాక్‌తో సంబంధం లేకుండా స్ప్రింగ్‌నో టోర్షన్ బార్‌నో కింది ఆర్మ్‌కి విడిగా అమర్చిన బళ్ళు ఉన్నాయి. అలాంటి బండి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ పద్ధతి యథాతథంగా మీ బండికి వాడకండి. అక్కడ ఆర్మ్ కింద జాకీ లేకుండా జాయింట్ విప్పితే ఆర్మ్ కొట్టే దెబ్బకు చెయ్యి విరుగుతుంది.

ముందు టై రాడ్. పిన్ను తీసి, నట్టు వదులు చేసి, పుల్లర్‌తో లాగండి. దీనికి పికిల్ ఫోర్క్ (మధ్యలో దిగ్గొట్టి విడదీసే రెండు కాళ్ళ చీల) వాడకండి, అది బూటుని చింపేస్తుంది, టై రాడ్ ఎండ్ మళ్ళీ వాడుకోవాలి కదా. తర్వాత బాల్ జాయింట్ కింది కాజిల్ నట్టు పిన్ను. ఇరవై ఏళ్ళ పిన్ను మర్యాదగా రాదు. ఒక కాలు విరిగితే మిగిలినదాన్ని సన్న పంచ్‌తో కొట్టి బయటికి పంపండి. నట్టుని పూర్తిగా తీసేయకండి. నాలుగైదు మరలు పట్టుకుని ఉండేలా వదిలేయండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

స్టడ్ ఆర్మ్‌లో కూర్చున్నది సూటి రంధ్రంలో కాదు, శంఖు ఆకారపు రంధ్రంలో. రెండు దశాబ్దాల బరువుతో అది అక్కడ దిగబడి ఉంటుంది. ఎంత నూనె కొట్టినా, ఎంత బార్ పెట్టి తోసినా కదలదు. జనం నానా పాట్లు పడేది ఇక్కడే. స్టడ్ చివర మీద సుత్తితో బాదుతారు, అది పుట్టగొడుగులా విచ్చుకుని నట్టు కూడా రాకుండా పోతుంది. నేనూ ఒకసారి చేశాను, చివరికి గ్రైండర్ పట్టుకుని నట్టు కోసుకున్నాను. కొందరు గ్యాస్ మంట పెడతారు. గ్రీజు, రబ్బరు పక్కన మంట ఏమిటండీ, ఆర్మ్ ఇనుము గట్టిదనం కూడా పోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీల షెడ్డు ఉండేది. ఇంటర్ సెలవుల్లో అక్కడ స్పానర్లు అందించేవాణ్ణి. ఇలా పట్టేసిన స్టడ్ వస్తే బాబాయి రెండు సుత్తులు తీసేవాడు. ఆర్మ్‌లో స్టడ్ దూరే చోట చుట్టూ ఉన్న దళసరి కన్ను ఉంది చూశారూ, దానికి ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, సరిగ్గా ఎదురు పక్క ఇంకో సుత్తితో బలంగా రెండు మూడు దెబ్బలు. స్టడ్‌ని కొట్టడం లేదు, దాన్ని పట్టుకున్న కన్నుని కొడుతున్నాం. దెబ్బకి ఆ రంధ్రం క్షణంపాటు కోడిగుడ్డు ఆకారానికి వచ్చి పట్టు వదిలేస్తుంది. స్టడ్ మీద కాస్త లాగుడు ఉండేలా మధ్యలో ప్రై బార్ పెట్టి ఉంచి కొడితే ఇంకా తొందరగా వస్తుంది. ఢక్ అని ఒక్క శబ్దంతో ఆర్మ్ ఊడుతుంది. నట్టుని మరల మీద ఉంచమన్నది అందుకే, ఆర్మ్ ఎగిరి మీ పాదం మీదకో చేతి మీదకో రాకుండా నట్టు పట్టుకుంటుంది. సుత్తి దెబ్బల ముందు కళ్ళద్దాలు పెట్టుకోండి. బాబాయి ఎప్పుడూ పెట్టుకోలేదు, ఎడమ కంట్లో ఇనుప రజను పడి ఆస్పత్రికి వెళ్ళాడు కూడా. ఆ ముచ్చట నేర్చుకోనక్కర్లేదు.

జాయింట్ పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి సుత్తులతో రాకపోతే ఇక్కడ పికిల్ ఫోర్క్ నిరభ్యంతరంగా వాడండి. చిరిగేది పాత బూటే.

ఊడాక నకుల్‌కున్న నాలుగు బోల్టులూ విప్పే ముందు నకుల్ పైభాగాన్ని తాడుతోనో బంజీ కార్డుతోనో ఫ్రేమ్‌కి కట్టేయండి. కింద పట్టు పోయాక అది పై జాయింట్ మీద వేలాడుతూ బయటికి వాలుతుంది, యాక్సిల్‌ని లోపలి జాయింట్ లోంచి లాగేస్తుంది. బ్రేక్ హోసూ, ఏబీఎస్ వైరూ బిగుసుకుపోకుండా చూసుకోండి. బోల్టులు విప్పడానికి పొడవాటి బార్ వాడండి. ఇంపాక్ట్ గన్ ఉంటే విప్పడానికి సరే, బిగించడానికి మాత్రం దాన్ని పక్కన పెట్టండి.

నకుల్ మీద కొత్త జాయింట్ కూర్చునే తలాన్ని వైర్ బ్రష్‌తో తోమి శుభ్రం చేయండి, బోల్టు రంధ్రాల్లో మరలు బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. కొత్త బోల్టులకు మరల మీద లాకింగ్ మందు పూసి వస్తే తుడిచేయకండి. లేకపోతే లోక్‌టైట్ పూయండి. నాలుగూ ముందు చేత్తో ఎక్కాలి. చేత్తో ఎక్కని బోల్టుని రెంచితో ఎక్కించబోతే నకుల్ మరలు పోతాయి. అవి పోతే బాల్ జాయింట్ ఖర్చు సంగతే మర్చిపోతారు. ఎదురెదురుగా మార్చి మార్చి బిగించి, చివరికి టార్క్ రెంచితో 59 ఫుట్ పౌండ్లకు తేవాలి. అంటే 80 న్యూటన్ మీటర్లు. రెంచి మీద రెండు స్కేళ్ళూ ఉంటాయి, 80 అన్న అంకె గుర్తుపెట్టుకుని ఫుట్ పౌండ్ల స్కేలు మీద 80 పెట్టేసినవాళ్ళు నాకు తెలుసు. మూడో వంతుకు పైగా ఎక్కువ బిగువు అది, బోల్టు సాగిపోతుంది. ఏ అంకె ఏ స్కేలుదో చేతి మీద పెన్నుతో రాసుకున్నా తప్పులేదు.

ఆర్మ్ లోని శంఖు రంధ్రాన్ని, కొత్త స్టడ్‌ని పొడిగుడ్డతో తుడవండి. ఇక్కడ గ్రీజు గానీ, తుప్పు పట్టదని యాంటీ సీజ్ గానీ పూయకండి. ఈ అతుకు నిలిచేది పొడి ఇనుము పొడి ఇనుముని పట్టుకోవడం మీదే. తర్వాత ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపుతూ స్టడ్‌ని రంధ్రంలోకి దారి చూపించాలి. నట్టు తిప్పుతుంటే స్టడ్ కూడా దాంతో పాటే గిరగిరా తిరుగుతోందా? జాకీని ఇంకొంచెం లేపండి, శంఖు బిగుసుకుంటుంది, తిరగడం ఆగుతుంది. కాజిల్ నట్టుకి, టై రాడ్ నట్టుకి ఎంత టార్క్ అన్నది మీ మోడల్ సంవత్సరపు రిపేర్ మాన్యువల్ చూసి పెట్టండి. టొయోటా టెక్ ఇన్ఫో సైట్‌లో కొద్దిపాటి డబ్బుకి రెండు రోజుల చందా దొరుకుతుంది, అదే తీసుకోండి. ఆ టార్క్ చేరాక పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే నట్టుని ఇంకా ముందుకు తిప్పాలి. ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు, కాస్తంత అయినా. పిన్ను పెట్టి కాళ్ళు రెండూ వంచేయండి.

రెండో వైపు సగం సమయంలో అవుతుంది. కానీ నా అనుభవంలో తప్పులు దొర్లేది కూడా రెండో వైపే, ఎందుకంటే అప్పటికి మధ్యాహ్నం అవుతుంది, ఆకలేస్తుంది, పని వచ్చేసిందన్న ధీమా వస్తుంది. ఒక వైపు పూర్తిగా ముగించి, పిన్నులతో సహా, అప్పుడే రెండోది మొదలుపెట్టండి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. గీత లేదంటే టార్క్ పెట్టలేదన్నమాట. తర్వాత ఎప్పుడైనా గీత పక్కకు జరిగి కనిపిస్తే నట్టు కదిలిందని కూడా తెలిసిపోతుంది.

చక్రాలు ఎక్కించి బండి దించాక వీల్ నట్లు 83 ఫుట్ పౌండ్లు. ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, ఎక్కడైనా పట్టేస్తోందా, హోసు గానీ వైరు గానీ లాగుతోందా చూడండి. వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి వచ్చి నాలుగు బోల్టులూ, నట్లూ మరోసారి చూసుకోండి. యాభై మైళ్ళయ్యాక వీల్ నట్లకు మళ్ళీ టార్క్ పెట్టండి.

అలైన్‌మెంట్ తప్పదు. కింది ఆర్మ్ లోపలి బోల్టుల దగ్గరున్న క్యామ్‌లను (కోణాలు సరిచేసే బిళ్ళలను) మనం ముట్టుకోలేదు కాబట్టి చక్రం వాలు కోణాలు, క్యాంబర్, క్యాస్టర్, పెద్దగా మారవు, కానీ స్టీరింగ్ ఆర్మ్ కొత్త పోతది కదా, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) కొద్దిగా మారుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ చక్రం కాస్త పక్కకు తిరిగి ఉన్నట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, అలైన్‌మెంట్‌లో సరిపోతుంది. షాపువాళ్ళు క్యామ్‌లు పట్టేశాయి, ఆర్మ్‌లు మార్చాలి అనచ్చు. మంచు దేశపు ఉప్పు రోడ్ల మీద తిరిగిన బండికి అది నిజమే అవుతుంది. మీ బండి మొదటి నుంచీ టెక్సస్‌దే అయితే ఒకసారి చూపించమని అడగండి.

పాత జాయింట్లు వెంటనే చెత్తబుట్టలో వేయకండి. స్టడ్‌ని చేత్తో కదిపి చూడండి. కొత్తది కదపాలంటే బలం పెట్టాలి, మీ పాతది గంటలోని నాలుకలా వాలిపోతే ఎంత దగ్గరికి వచ్చి తప్పించుకున్నారో తెలుస్తుంది. పైకీ కిందికీ కూడా లాగి చూడండి, ముఖ్యమైన లూజు అదే. శబ్దం ఎడమ వైపు అన్నారు గానీ ఈ బళ్ళలో చప్పుడు ఫ్రేమ్ వెంట ప్రయాణం చేసి ఎక్కడో వినిపిస్తుంది. ఎక్కువ అరిగింది కుడిదే అయినా నేను ఆశ్చర్యపోను. చూశాక ఏ వైపుదో రాయండి.